ఫొటోగ్రాఫర్లు కాని నా క్లాస్‌మేట్లు

ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో ఫొటోగ్రఫీ చదివానని చెప్పగానే అందరూ అడిగేది ఒకటే. "మరి మీ బ్యాచ్‌లో పేరున్న ఫొటోగ్రాఫర్లు ఎవరు?" చెప్పుకోదగ్గవాళ్ళు పెద్దగా లేరు. ఒకడు పత్రికలో ఫొటో డెస్క్ మీద కూర్చుని, రోజూ వచ్చిపడే వందల ఫొటోల్లో ఏది వెయ్యాలో, ఏది వెయ్యకూడదో తేలుస్తుంటాడు. ఒకామె మ్యూజియంలో పాత గాజు నెగటివ్‌లు భద్రపరిచే పనిలో ఉంది. ఇంకొకడు ఆర్ట్ పుస్తకాలు అచ్చేసే ప్రెస్‌లో రంగులు సరిచూస్తాడు. ఇద్దరు ముగ్గురు టీచర్లయ్యారు. ఒకడు అసలు కెమెరా ముట్టుకోవడమే మానేశాడు గానీ, ఎక్కడ ఎగ్జిబిషన్ పెట్టినా మొదటిరోజే వెళ్ళి ప్రతి ఫొటో ముందు పావుగంట నిలబడతాడు.

ఇది విని అవతలివాళ్ళ మొహం కాస్త పడిపోతుంది. అంత చదువూ వృథా అయిందన్నట్టు చూస్తారు. నాకు మాత్రం ఏళ్ళు గడిచేకొద్దీ ఉల్టా అనిపిస్తోంది. స్కూళ్ళున్నా లేకపోయినా ఫొటోలు తీసేవాళ్ళు పుడుతూనే ఉంటారు. ఆ ఫొటోల్ని ఎంచేవాళ్ళు, దాచేవాళ్ళు, సరిగ్గా అచ్చేసేవాళ్ళు, పక్కవాడి ప్రింట్ ముందు నిలబడి ఇది ఎందుకు నిలుస్తుందో, ఎందుకు నిలవదో గంటసేపు వాదించేవాళ్ళు మాత్రం ఊరికే తయారవరు. వాళ్ళు లేని దేశంలో ఎంత మంచి ఫొటో తీసినా అది బీరువాలోనే ఉండిపోతుంది.

మా డిపార్ట్‌మెంట్ గురించి గొప్పలు చెప్పడానికేం లేదు. కాలేజీ బిల్డింగ్ వెనకవైపు, ప్రింట్‌మేకింగ్ వాళ్ళు ఖాళీ చేసిన గదులు మాకిచ్చారు. నేల మీద సిరా మరకలు మేం చేరేనాటికీ పోలేదు, మేం వెళ్ళేనాటికీ పోలేదు. పెయింటింగ్ వాళ్ళకి మేమంటే చిన్నచూపు. "మీట నొక్కితే వచ్చేదానికి నాలుగేళ్ళు చదవాలా?" అని మొహం మీదే అనేవాళ్ళు. శిల్పం వాళ్ళు మాత్రం మాతో బాగుండేవాళ్ళు. కారణం లేకపోలేదు, ఏడాది చివర జ్యూరీ ముందు వాళ్ళ బొమ్మలకి ఫొటోలు తీసిపెట్టాల్సింది మేమే కదా!

పెయింటింగ్ వాళ్ళ మాటలకి మేం ఉడుక్కుంటుంటే మా సార్ ఒకరోజు బౌహౌస్ కథ చెప్పారు. జర్మనీలో 1919లో మొదలై, ఆధునిక కళాబోధనకే దారి చూపించిందని పేరు తెచ్చుకున్న స్కూలు అది. అందులో ఫొటోగ్రఫీకంటూ ఒక విభాగం పెట్టింది ఎప్పుడో తెలుసా? 1929లో, వాల్టర్ పీటర్‌హాన్స్‌ని తీసుకున్నాక. అంటే పదేళ్ళపాటు అక్కడ అందరూ కెమెరాలు పట్టుకుని తిరిగారు, భవనాల్నీ, కుర్చీల్నీ, ఒకళ్ళనొకళ్ళనీ తీసుకున్నారు, కానీ అది పాఠం మాత్రం కాలేదు. మనం ఇవాళ బౌహౌస్ అనగానే కళ్ళముందు ఊహించుకునే ఆ భవనాల రూపం చాలావరకు లూసియా మొహోలీ అనే ఫొటోగ్రాఫర్ తీసిన ఫొటోల్లోంచి వచ్చిందే. ఆవిడ అక్కడ టీచరూ కాదు, జీతగత్తే కాదు. "అంత పెద్ద స్కూలుకే పదేళ్ళు పట్టింది, మన పెయింటింగ్ వాళ్ళకి ఇంకొంచెం టైమిద్దాం" అన్నారు సార్.

మొదటి సంవత్సరం మాకు కెమెరా ఇవ్వలేదు. ఒక తెల్లకాగితం ఇచ్చారు. దాన్ని మడవండి, కత్తిరించండి, వంచండి, దీపం ముందు పెట్టి నీడలు ఎలా మారుతున్నాయో చూడండి అన్నారు. వారాల తరబడి అదే పని. మాలో కొందరికి ఒళ్ళుమండింది. ఫొటోగ్రఫీ నేర్చుకుందామని వస్తే కాగితప్పడవలు చేయిస్తున్నారని ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళినవాడూ ఉన్నాడు. చివరికి ఆ కాగితాన్నే ఫొటో తీయమన్నారు. అప్పటికి తెల్లకాగితంలో ఎన్ని తెలుపులుంటాయో, వాటిలో ఏది ఎక్కడ బూడిదరంగులోకి దిగుతుందో మా కళ్ళకి తెలిసిపోయింది. ఎక్స్‌పోజర్ పాఠం, అంటే ఫిల్ము మీద ఎంత వెలుతురు పడనివ్వాలో, అసలు చెప్పకుండానే వచ్చేసింది.

ఆ అభ్యాసం ఎక్కడిదో మాకు చాలా తర్వాత తెలిసింది. బౌహౌస్‌లో పాఠాలు చెప్పిన లాస్లో మొహోలీ-నాగీ ఆ స్కూలు వదిలేసి, యూరప్ వదిలేసి, 1937లో షికాగోలో న్యూ బౌహౌస్ పెట్టాడు. అదే తర్వాత ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ అయింది. కాగితం మడిచి వెలుతురుని పట్టుకునే ఆ అభ్యాసం అక్కడి తొలి పాఠాల్లో ఒకటి. అక్కడ చదివినవాళ్ళు వేరే కాలేజీల్లో టీచర్లై దాన్ని పట్టుకెళ్ళారు, వాళ్ళ శిష్యులు ఇంకెక్కడికో. అలా చేతులు మారుతూ, ఎవరి పేరూ చెప్పకుండా మా బల్ల మీదికి వచ్చిపడింది. పుస్తకాలు, ఎగ్జిబిషన్లు ఒక దేశపు ఫొటోగ్రఫీని మారుస్తాయంటారు. నిజమే గానీ, ఒక మంచి అసైన్‌మెంట్ వాటికంటే దూరం వెళ్తుంది.

షికాగో కథ చెప్పేటప్పుడు సార్ గొంతు మారిపోయేది. మొహోలీ-నాగీ 1946లో లుకేమియాతో చనిపోయాడు. అదే ఏడాది ఫొటోగ్రాఫర్ హ్యారీ కలహన్ అక్కడ పాఠాలు చెప్పడానికి చేరాడు. కలహన్‌కి ఫొటోగ్రఫీలో డిగ్రీ లేదు, అంతకుముందు కార్ల కంపెనీలో పనిచేసినవాడు, సొంతంగా నేర్చుకున్నవాడు. మాటకారి కూడా కాదంటారు. 1951లో ఇంకో ఫొటోగ్రాఫర్ ఆరన్ సిస్కిండ్‌ని పిలిపించుకున్నాడు. ఈయనేమో న్యూయార్క్‌లో బడిలో ఇంగ్లిష్ చెప్పుకున్న పంతులు. వీళ్ళిద్దరూ కలిసి పదేళ్ళు చెప్పిన క్లాసుల్లోంచి రే మెట్జ్‌కర్, కెన్నెత్ జోసెఫ్‌సన్ లాంటి ఫొటోగ్రాఫర్లు వచ్చారు. కాలేజీలో ఫొటోగ్రఫీ చదవనివాళ్ళే కాలేజీ ఫొటోగ్రఫీని కట్టారన్నమాట. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలో నాకిప్పటికీ సరిగ్గా తెలీదు. బహుశా తమకి దొరకనిదేమిటో తెలిసినవాళ్ళు కాబట్టే అది ఇవ్వగలిగారేమో.

ఆ క్లాసులోంచి నాకు బాగా గుర్తుండిపోయిన మనిషి మాత్రం వేరే. రిచర్డ్ నికెల్. సిస్కిండ్ తన విద్యార్థులకి ఒక ప్రాజెక్టు ఇచ్చాడు. ఆర్కిటెక్ట్ లూయీ సలివన్ కట్టిన భవనాల్ని ఫొటోలు తీయడం. క్లాసు అయిపోయింది, మార్కులు పడిపోయాయి, మిగతావాళ్ళు వాళ్ళ దారిన వాళ్ళు పోయారు. నికెల్ మాత్రం ఆ పని వదల్లేదు. ఆ భవనాల్ని ఒకదాని తర్వాత ఒకటి కూల్చేస్తుంటే ఫొటోలు తీశాడు, కూల్చొద్దని ధర్నా చేశాడు, కూలినచోట నగిషీ ముక్కలు ఏరి తెచ్చుకుని ఇంట్లో దాచాడు. 1972లో స్టాక్ ఎక్స్ఛేంజ్ భవనం శిథిలాల్లో అలాంటి ముక్కలు తీస్తుండగా భవనంలో కొంత భాగం కూలి చనిపోయాడు. ఇవాళ ఆ ఊరి వాస్తు చరిత్ర రాయాలంటే అతని నెగటివ్‌లు లేకుండా కుదరదు. గ్యాలరీ ఫొటోగ్రాఫర్ల జాబితాలో అతని పేరు పైన ఉండదు. కానీ ఆర్ట్ స్కూలు ఒక దేశానికి ఏం ఇస్తుందని ఎవరైనా అడిగితే నేను చెప్పే మొదటి పేరు అదే. మ్యూజియంలో పనిచేసే మా క్లాస్‌మేట్ కూడా ఈ కథ విన్నరోజే తన దారి ఎంచుకుందని నా అనుమానం. ఆమె ఒప్పుకోదు.

అదే స్కూల్లో చదివినవాడు యసుహిరో ఇషిమొతో. అమెరికాలో పుట్టి, జపాన్‌లో పెరిగి, తిరిగి అమెరికా వస్తే యుద్ధకాలంలో జపాన్ జాతివాడని నిర్బంధ శిబిరంలో పెట్టారు. తర్వాత షికాగోలో చదివి 1953లో జపాన్ వెళ్ళాడు. క్యోటోలోని కత్సురా రాజవిహారాన్ని ఫొటోలు తీశాడు. శతాబ్దాలుగా జపాన్ వాళ్ళు చూస్తూనే ఉన్న చెక్కలూ, రాళ్ళూ, కాగితపు తలుపులూ ఆ ఫొటోల్లో కొత్తగా, గీతలుగా, చతురస్రాలుగా కనిపించాయి. వెలుతురు పడ్డ కాగితాన్ని చూడ్డం నేర్చుకున్న కన్ను అక్కడేం చూసి ఉంటుందో మాకు చెప్పక్కర్లేకపోయింది, మేమూ ఆ కాగితాలు మడిచినవాళ్ళమే.

ఇక క్రిటిక్ సంగతి, అంటే ఒకరి ఫొటోల్ని మిగతావాళ్ళు విమర్శించే క్లాసు. మా నాలుగేళ్ళ చదువులో డార్క్‌రూమ్ గుర్తొస్తే నవ్వొస్తుంది, క్రిటిక్ గుర్తొస్తే ఇప్పటికీ కడుపులో టెన్షన్. వారానికోసారి అందరం ప్రింట్లు గోడకి పిన్నులతో గుచ్చాలి. సార్ పెట్టిన రూలు, ఎవరి ప్రింట్ గురించి మాట్లాడుతున్నారో వాళ్ళు నోరు విప్పకూడదు. "అది కాదు సార్, నా ఉద్దేశం ఏంటంటే" అని మొదలుపెడితే, "నీ ఉద్దేశం గోడ మీద కనపడట్లేదే" అనేవారు. రెండో రూలు ఇంకా కష్టం. "బాగుంది", "ఫీల్ ఉంది" అనే మాటలు నిషేధం. ముందు ఫొటోలో ఏముందో చెప్పాలి. కిటికీ ఉంది, ఆమె చెయ్యి సగం తెగింది, ఎడమపక్క మూలలో ఏదో తెల్లటిది ఉంది, కన్ను అక్కడికి పోతోంది. అవన్నీ అయ్యాకే ఏమనిపించిందో చెప్పొచ్చు.

ఇందులో ఏడ్చినవాళ్ళున్నారు. ప్రింట్ చింపేసి వెళ్ళిపోయినవాడు ఉన్నాడు, మర్నాడు దాన్నే మళ్ళీ ప్రింట్ చేసుకుని వచ్చాడు, ఈసారి ఆ తెల్లటి మూలని బర్న్ చేసి, అంటే ప్రింట్ చేసేటప్పుడు అక్కడ ఎక్కువ వెలుతురు పడనిచ్చి నల్లబరిచి. మెల్లగా మాకు తెలియకుండానే ఒక అలవాటు పడింది. ఎవరి ఫొటో చూసినా, తీసినవాడు ఎవరు అని కాకుండా, అందులో ఏముంది అని చూడటం. పత్రికలో ఫొటో డెస్క్ మీద ఉన్నవాడు చెప్తుంటాడు, ఒక గొడవ జరిగినచోటి ఫొటో వచ్చినప్పుడు అందరూ ముందు ఎవరు తప్పు అని చూస్తే తను మాత్రం ఫ్రేము అంచుల్లో ఎవరున్నారు, ఎవర్ని కత్తిరించారు అని చూస్తాడట. పాఠకులకి అతని పేరు తెలీదు. కానీ ఆ పేజీలో ఏ ఫొటో పడుతుందో, ఎంత కత్తిరింపుతో పడుతుందో ఆ గోడ దగ్గర నేర్చుకున్న కళ్ళే తేలుస్తున్నాయి.

మూడో సంవత్సరంలో మా క్లాసు మొత్తానికీ జర్మనీలోని డ్యుసెల్‌డార్ఫ్ ఫొటోల జ్వరం పట్టింది. స్లైడ్ ప్రొజెక్టర్ మీద సార్ నీళ్ళ ట్యాంకులు చూపించారు. ఒకటి, రెండు, పది, ఇరవై. అన్నీ ఒకే ఎత్తునుంచి, అన్నీ మబ్బు పట్టిన ఆకాశం కింద, అన్నీ నలుపు తెలుపు. వెనక బెంచీ వాళ్ళు నిద్రపోయారు. తర్వాత వాటినే తొమ్మిదేసి చొప్పున వరసల్లో పేర్చి చూపించేసరికి నిద్రపోయినవాళ్ళు కూడా లేచి కూర్చున్నారు. విడివిడిగా విసుగనిపించినవి పక్కపక్కన పెడితే ఒక్కో ట్యాంకుకీ ఒక్కో మొహం వచ్చింది. అవి బెర్న్డ్ బెకర్, హిల్లా బెకర్ దంపతులు తీసినవి. మూతబడుతున్న గనులూ, కొలుములూ, ట్యాంకులూ పెద్ద కెమెరాతో దశాబ్దాల పాటు తీస్తూ పోయారు. 1990లో వెనిస్ బియెన్నాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో వాళ్ళకి బహుమతి ఇస్తే అది శిల్పానికిచ్చే బహుమతి. శిల్పం వాళ్ళకి ఆ సంగతి వారం రోజులు గుర్తుచేస్తూనే ఉన్నాం.

1976లో డ్యుసెల్‌డార్ఫ్ ఆర్ట్ అకాడమీ ప్రొఫెసర్ పదవి ఇచ్చింది బెర్న్డ్‌కి మాత్రమే. హిల్లా పక్కనే ఉండి చెప్పింది, కానీ ఆ పదవి ఆమెకి రాలేదు. ఈ విషయం మాకు పాఠాలు చెప్పిన ఇంకో టీచర్, మా మేడమ్, చెప్పేదాకా సార్ ఎప్పుడూ ప్రస్తావించలేదు. ఆ చిన్న క్లాసులోంచి కాండిడా హోఫర్, థామస్ స్ట్రూత్, థామస్ రూఫ్, ఆండ్రియాస్ గుర్‌స్కీ వచ్చారు. పక్క గదుల్లో పెయింటింగ్ నేర్పుతున్నది గెర్హార్డ్ రిక్టర్ లాంటివాళ్ళు, స్ట్రూత్ మొదట ఆయన దగ్గరే పెయింటింగ్ చదివాడు. ఫొటోగ్రఫీ క్లాసు పెయింటింగ్ క్లాసు గోడకి ఆనుకుని ఉండటం వల్ల జరిగిందేమిటంటే, ఫొటో గోడంత పెద్దదైంది, మ్యూజియంలో పెయింటింగ్ పక్కన వేలాడింది, అంత ధరా పలికింది. గుర్‌స్కీ తీసిన రైన్ నది ఫొటో 2011లో 43 లక్షల డాలర్లకి అమ్ముడుపోయింది.

ఆ జ్వరంలో మేం చేసిందేమిటంటే, కనపడిన ప్రతిదాన్నీ నిటారుగా, మధ్యలో నిలబెట్టి, మబ్బు కోసం ఎదురుచూసి తీయడం. గేట్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, బెంచీలు, నీళ్ళ పంపులు, అన్నీ తొమ్మిదేసి. క్రిటిక్ గోడ స్టాంపుల ఆల్బమ్‌లా తయారైంది. సార్ కాసేపు చూసి, "వాళ్ళు ఆ ట్యాంకుల్ని ఎందుకు తీశారు?" అని అడిగారు. రకరకాల సమాధానాలు చెప్పాం. "అవి కూలిపోతున్నాయి కాబట్టి. మీ బెంచీలు ఎక్కడికి పోతున్నాయి?" అన్నారు. మా దగ్గర జవాబు లేదు.

ఆర్ట్ స్కూళ్ళ మీద నాకున్న ఫిర్యాదు కూడా ఇక్కడే మొదలవుతుంది. స్కూలు కన్ను ఇస్తుంది, కళ్ళజోడు కూడా తగిలించేస్తుంది. ఒక టీచర్ ఇష్టాయిష్టాలు ఇరవై ఏళ్ళ పాటు ఒక తరం ఇష్టాయిష్టాలైపోతాయి. మా సార్‌కి రంగు ఫొటో అంటే పడేది కాదు. ఫలితంగా మా ముందు బ్యాచ్‌లలో రంగులో ఒక్క మంచి పనీ రాలేదు. మేడమ్ వచ్చాకే కలర్ ప్రింట్లు గోడకెక్కాయి, అదీ పెద్ద యుద్ధం తర్వాత. దానికన్నా పెద్ద సమస్య గేటు దగ్గర ఉంది. డ్రాయింగ్ పరీక్ష పాసైనవాళ్ళు, ఫిల్మూ పేపరూ కొనుక్కోగలిగినవాళ్ళు, ఇంట్లో నాలుగేళ్ళు ఆగగలిగినవాళ్ళు మాత్రమే లోపలికొస్తే, ఆ దేశపు ఫొటోల్లో కనపడేది వాళ్ళ కన్నే. మిగతావాళ్ళు ఫ్రేములో ఉంటారు, కెమెరా వెనక ఉండరు.

ఇది గుర్తించి కొందరు ఫొటోగ్రాఫర్లే స్కూళ్ళు పెట్టారు. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష ఇంకా చట్టంగా ఉండగానే, 1989లో డేవిడ్ గోల్డ్‌బ్లాట్ జొహానెస్‌బర్గ్‌లో మార్కెట్ ఫొటో వర్క్‌షాప్ మొదలుపెట్టాడు. నల్లవాళ్ళకి మామూలు కాలేజీల్లో దొరకని చదువు అక్కడ దొరికింది. జనేలే ముహోలీ చదివింది అక్కడే. అప్పటిదాకా ఎవరూ ఫొటోలు తీయని, తీసినా గౌరవంగా తీయని మనుషుల మొహాలు ముహోలీ ఫొటోల్లో మన కళ్ళలోకి సూటిగా చూస్తాయి. ఢాకాలో ఫొటోగ్రాఫర్ షహీదుల్ ఆలం 1998లో "పాఠశాల" అనే పేరుతోనే ఒక ఫొటోగ్రఫీ స్కూలు పెట్టాడు. ఈయన చదివింది కెమిస్ట్రీలో పీహెచ్‌డీ. బంగ్లాదేశ్ అంటే వరదలూ, ఆకలీ అని బయటివాళ్ళు వచ్చి తీసుకెళ్ళిన ఫొటోలే లోకం చూస్తున్న రోజుల్లో, మన కథ మనమే చెప్పుకుందాం అన్నది ఆయన పంతం. 2000 నుంచి ఛొబి మేళా పేరుతో అంతర్జాతీయ ఫొటో ఉత్సవం కూడా నడిచింది. 2013లో రానా ప్లాజా భవనం కూలి పదకొండు వందల మందికి పైగా చనిపోయినప్పుడు, శిథిలాల్లో ఒకరినొకరు పట్టుకుని చనిపోయిన ఆ ఇద్దరి ఫొటో తీసిన తస్లీమా అఖ్తర్ ఆ "పాఠశాల"లోనే చదువుకున్న మనిషి. కార్మికుల ఉద్యమాల్లో తిరుగుతున్న మనిషి కూడా. అది బయటినుంచి హెలికాప్టర్‌లో వచ్చి దిగినవాళ్ళు తీసిన ఫొటో కాదు.

వీటిని ఆర్ట్ స్కూళ్ళు అనాలా వద్దా అని మా మధ్య పెద్ద చర్చే నడిచింది. మేడమ్ తేల్చేశారు. "గోడ ఉందా? గోడ ముందు వాదన ఉందా? అయితే అది ఆర్ట్ స్కూలే."

కొన్ని గోడలు కూలిపోతున్నాయి కూడా. శాన్ ఫ్రాన్సిస్కోలో 1945లో పేరున్న ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ ఫొటోగ్రఫీ విభాగం మొదలుపెట్టిన స్కూలు, మైనర్ వైట్ అనే ఇంకో ఫొటోగ్రాఫర్ పాఠాలు చెప్పిన స్కూలు, 2022లో డబ్బుల్లేక మూతపడింది. ఆ వార్త మా గ్రూపులో పెట్టింది, కెమెరా మానేశానన్న పెద్దమనిషే. మా డార్క్‌రూమ్ అంతకుముందే పోయింది, ఇప్పుడక్కడ కంప్యూటర్లున్నాయి. నాకు ఫిల్ము పోయినందుకు అంత బెంగ లేదు. నెగటివ్‌ని పెద్దది చేసి ప్రింట్ వేసే ఎన్‌లార్జర్ కోసం వరసలో నిలబడి, పక్కవాడి ట్రేలో బొమ్మ తేలుతుంటే అడక్కుండానే సలహాలిచ్చిన ఆ తోపులాట పోయినందుకే బెంగ. తెర ముందు ఎవరి కుర్చీలో వాళ్ళు కూర్చుంటే పక్కవాడు ఏం చేస్తున్నాడో తెలీదు.

డార్క్‌రూమ్ ఖాళీ చేసేటప్పుడు బీరువా అడుగు సొరుగుల్లో పాత ప్రింట్లు బయటపడ్డాయి. ప్రతి విద్యార్థీ ఏడాదికో ప్రింట్ డిపార్ట్‌మెంట్‌కి వదిలి వెళ్ళాలని సార్ పెట్టిన రూలు. అప్పట్లో పేపరు దండగ అని తిట్టుకునేవాళ్ళం. మ్యూజియం క్లాస్‌మేట్‌కి కబురు తెలిసి, కాలేజీని ఒప్పించి, ఆ సొరుగులన్నీ సర్దడం మొదలుపెట్టింది. చూస్తే అందులో ఇప్పుడు లేని బజార్లున్నాయి, లేని చెరువులున్నాయి, మారిపోయిన చేతిపనులున్నాయి. ఎవరూ చరిత్ర అనుకుని తీసినవి కావు, మార్కుల కోసం తీసినవి. పరిశోధన చేసేవాళ్ళు వచ్చి అడుగుతున్నారట.

ఆమెకొచ్చిన చిక్కల్లా చాలా ప్రింట్ల వెనక పేరూ లేదు, తేదీ లేదు. అందుకని ఒక్కోటీ స్కాన్ చేసి గ్రూపులో పెట్టి, ఇదెవరిది అని అడుగుతోంది. ఈమధ్య వర్షంలో సైకిల్ తోసుకెళ్తున్న ముసలాయన ఫొటో పెట్టింది. నాదే అన్నాను. ప్రెస్‌లో పనిచేసేవాడు, కాదు నాది అన్నాడు. నల్లటి భాగాలు అంత గాఢంగా ప్రింట్ చేసే ఓపిక నీకెప్పుడుందిరా అన్నాడు. ఆ మూల బర్న్ చేసిన తీరు చూడు, అది నా చెయ్యే అన్నాను. ముందు ఫొటోలో ఏముందో చెప్పండి, తర్వాత ఎవరిదో చూద్దాం అని ఆమె ఇద్దర్నీ ఆపింది. కేటలాగులో ప్రస్తుతానికి తీసినవారు తెలియదు అని రాసింది. నేను ఒప్పుకోను. ఆ ఫొటో నాదే.